తేడా శిష్యుల్లో లేదు

ఆత్మకూరు బస్టాండులో గానీ, ఉదయగిరిలో గానీ కొత్తవాళ్లు పలకరిస్తే మొదట అడిగేది "ఏ ఊరు? ఎవరబ్బాయివి?" అనే. ఆ ప్రశ్న వెనక కులం ఉంటుందని మనకు తెలుసు. అందుకే మనలో కొందరు హాస్టల్ పేరు కూడా చెప్పకుండా మాట దాటేస్తుంటారు.

ఈ ప్రశ్న చాలా పాతది. ఛాందోగ్యోపనిషత్తులో చదువు కోసం వచ్చిన సత్యకాముణ్ణి గౌతముడు గోత్రం అడిగాడు. గోత్రం తెలియదని, తాను జబాల కొడుకునని ఆ కుర్రవాడు ఉన్నమాట చెప్పాడు. ఆ నిజాయితీ చూసి గౌతముడు చేర్చుకున్నాడు. బక్కచిక్కిన 400 ఆవులను అప్పగిస్తే, అవి 1000 అయ్యాకే సత్యకాముడు తిరిగివచ్చాడు.

భారతంలో ఏకలవ్యుడూ అలాగే ద్రోణుడి దగ్గరికి వెళ్లాడు. నిషాదుడని ద్రోణుడు చేర్చుకోలేదు. సొంతంగా నేర్చుకున్నాక బొటనవేలు అడిగాడు. దీన్ని గురుభక్తి పాఠంగా చెబుతుంటారు. నా అభిప్రాయం వేరు. ఇద్దరు శిష్యులదీ ఒకే పట్టుదల. తేడా గురువుల్లోనే ఉంది.

చదువు ఒకరి దయ మీద ఆధారపడితే గౌతముడు దొరకవచ్చు, ద్రోణుడూ దొరకవచ్చు. 1950లో అమల్లోకి వచ్చిన మన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1951లో చేర్చిన 15(4) చదువుల్లో ప్రత్యేక అవకాశాలకు దారి వేసింది. కనుక మన సీటు భిక్ష కాదు.

తమ్ముళ్లూ! ఎవరడిగినా ఊరు చెప్పండి, హాస్టల్ పేరూ చెప్పండి. దాచుకోవాల్సిన తప్పు మనది కాదు. రేపు మనలో ఎందరో ఉపాధ్యాయులవుతారు. అప్పుడు మన ముందు నిలబడిన పిల్లవాడికి గౌతముడిలా కనిపిద్దాం.