ఏడవనివ్వని రోజుల మనాది

కొవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. మన సంఘాల్లో అంతకు చాలా ముందే మాస్కులు పోయాయి. మందిరంలో చాపలు మళ్లీ దగ్గరదగ్గరగా పరుస్తున్నాం. ప్రార్థన విన్నపాల్లో కరోనా పేరు వినపడడం లేదు. అయితే ఆ రెండేళ్లలో ఇళ్లలోకి వచ్చిన ఇంకో జబ్బు చాలా కుటుంబాల్లో ఇంకా ఉంది. దాన్ని ఏ ముక్కు పరీక్షా పట్టుకోలేదు.

ఆదిలాబాద్, కరీంనగర్ పల్లెల్లో డిప్రెషన్ అనే మాట అరుదు. రంది అంటారు. రంది లోపలే పేరుకుపోయి మనిషి చిక్కిపోతే మనాది అంటారు. "కొడుకు పోయిన మనాదితో మంచం పట్టింది" అన్నప్పుడు రోగమూ, దాని కారణమూ ఒక్క మాటలో వచ్చేస్తాయి. మనోవ్యాధే జనం నోట మనాది అయింది. మనసుకూ జబ్బు చేస్తుందని మన అవ్వలకు, తాతలకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

2020 మార్చిలో ఇండోనేషియా నుంచి కరీంనగర్ వచ్చిన మతబోధకుల బృందంలో వైరస్ బయటపడింది. ముకరంపుర వీధులకు బారికేడ్లు కట్టారు. భయం ఒక్క రోజులో అనుమానంగా మారింది. పక్కింటివాడు దగ్గితే తలుపు వేసుకున్నాం. ఒక మతంవాళ్లనే వేలెత్తి చూపినవాళ్లు మన మధ్య కూడా ఉన్నారు. ఆ ఏడాది ఏప్రిల్ 12న ఈస్టరు, మందిరాలకు తాళాలు. సమాధుల దగ్గర తెల్లవారుజామున కొవ్వొత్తి వెలిగించే వీలు కూడా లేకపోయింది. మందిరాలు తెరుచుకున్నది జూన్ 8న.

అన్నిటికంటే లోతుగా దిగిన గాయం చావుల దగ్గర తగిలింది. అంత్యక్రియలకు 20 మందికి మించకూడదన్నారు. కొవిడ్‌తో పోయినవారి ముఖం చాలామందికి చూపించనేలేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు గల్ఫ్ కుటుంబాల్లో కొందరికి పెట్టె కూడా రాలేదు, అక్కడే పాతిపెట్టారు. అంటువ్యాధిలో ఆ నిబంధనలు అవసరమే, వాటిని తప్పుపట్టడం లేదు. కానీ భూస్థాపన, ఆదరణ కూటం, నలుగురూ వచ్చి పోయినవారి గురించి చెప్పుకుని ఏడ్వడం, ఇవన్నీ మొక్కుబడి ఆచారాలు కావు. మనిషి ఇక లేడని మనసుకు ఒప్పించే పని అవి చేస్తాయి. ఆ పని జరగని ఇళ్లలో దుఃఖం మధ్యలో ఆగిపోయింది. ఇప్పటికీ తండ్రి ఫోన్ నంబరు తీసేయలేని కొడుకులున్నారు.

మహమ్మారి మొదటి ఏడాదిలోనే ప్రపంచమంతటా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. స్త్రీలకు, యువతకు దెబ్బ ఎక్కువ తగిలింది. మన దేశంలో వైద్యం అంతకుముందే అందడం లేదు. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో మానసిక సమస్యలున్నవారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స లేదని తేలింది. దూరం, డబ్బు ఒక కారణం. సిగ్గు ఇంకో కారణం. ఎర్రగడ్డ ఆసుపత్రి పేరును మనం తిట్టుగా వాడుకుంటాం కదా!

సంఘంలో ఆ సిగ్గుకు ఇంకో బరువు తోడవుతుంది. నిద్ర పట్టడం లేదని ఒక సహోదరి చెప్పుకుంటే "విశ్వాసం తగ్గింది, ఉపవాసముండు" అనేస్తారు. ఆమె మళ్లీ నోరు తెరవదు. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయాను దేవదూత గద్దించలేదు. పడుకోనిచ్చాడు, రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. ప్రయాణం మాట ఆ తర్వాతే. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా కూర్చున్నంతకాలం మంచి స్నేహితులే, నోరు విప్పాకే చెడగొట్టారు. ప్రార్థన మానమని కాదు. చక్కెర జబ్బుకు మాత్ర వేసుకుంటూ ప్రార్థన చేసేవాళ్లం, మనసు జబ్బుకు మాత్రం మందు అవిశ్వాసమని ఎందుకు అనుకోవాలి?

ఇంట్లో చూడవలసినవి చిన్నవే. 2020 సెప్టెంబర్ నుంచి టీవీ ముందు, ఫోన్ ముందు చదువు సాగించిన పిల్లలు కొందరు ఇంకా నలుగురిలో కలవలేకపోతున్నారు. బడంటే కడుపునొప్పి అనే పిల్లవాణ్ణి కొట్టకుండా, ఏమైందని అడగాలి. మగవాళ్లు ఏడవరు. వాళ్ల రంది కోపంగానో, తాగుడుగానో బయటికొస్తుంది. లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం ఆగగానే ఎర్రగడ్డకు ఎంతమంది పరుగెత్తారో గుర్తుందా? ముసలివాళ్లయితే గుండె దడ, ఒళ్లు నొప్పులు అంటారు. రెండు వారాలు దాటి తిండి, నిద్ర, పని దెబ్బతింటే డాక్టరుకు చూపించాలి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి భయపడొద్దు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు, చాలాసార్లు బరువు దిగుతుంది. మనది పత్తి పండే నేల, పురుగుమందు ఇంట్లో అందుబాటులో ఉంచకూడదు.

సహాయం మునుపటికంటే దగ్గరికొచ్చింది. ఆదిలాబాద్ రిమ్స్‌లో మానసిక వైద్యులున్నారు. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడవచ్చు. పోలీసు కేసవుతుందన్న భయంతో చాలా కుటుంబాలు నోరు మూసుకుంటాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ప్రాణం తీసుకోబోయిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

కాపరులకు ఒక మనవి. 2020, 2021లో మీ సంఘంలో నలుగురి మధ్య సాగనంపలేకపోయినవారి పేర్లు రాసుకోండి. ఒక ఆదివారం సాయంత్రం వారి కుటుంబాలను పిలవండి. ప్రసంగం పొట్టిగా ఉండనివ్వండి. ఒక్కొక్క పేరూ చదివి, ఆ ఇంటివారిని మాట్లాడనివ్వండి. 14416 నంబరు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి.