సముద్రంలో మస్టర్లు ఎవరికి పడతాయి?

2025 మే 29న నౌకాదళ అధికారులు దిల్నా, రూప ‘తారిణి’ తెరచాప పడవలో భూగోళం చుట్టి గోవాకు తిరిగొచ్చారు. 2024 అక్టోబర్ 2న బయల్దేరిన ఆ ఇద్దరూ 25 వేల నాటికల్ మైళ్లకు పైగా ప్రయాణించారు. అంతకుముందు 2017-18లో ఇదే పడవలో ప్రపంచాన్ని చుట్టిన ఆరుగురు మహిళల్లో ఇద్దరు తెలుగువాళ్లు. ఒకరు విశాఖపట్నానికి చెందిన పి.స్వాతి, మరొకరు హైదరాబాద్‌కు చెందిన బి.ఐశ్వర్య. ఈ విజయాలను మనస్ఫూర్తిగా అభినందిస్తూనే మేము ఒక ప్రశ్న వేస్తున్నాం. మందమర్రి కార్మికవాడలోని దళిత విద్యార్థిని ఆ చుక్కాని పట్టాలంటే దారి ఎక్కడ మొదలవుతుంది? ఎక్కడ తెగిపోతుంది?

మందమర్రి వాళ్లకు సర్టిఫికెట్ల నిచ్చెన కొత్త కాదు. బాయిలో బదిలీ వర్కర్‌గా చేరినవాళ్లు ఏడాదిలో భూగర్భంలో అయితే 190, ఉపరితలంలో అయితే 240 మస్టర్లు నింపి జనరల్ మజ్దూర్ కావాలని చూస్తారు. ఆ తర్వాత చదువును బట్టి గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్, మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్, సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్లు. సర్దార్ పరీక్షకు కూర్చోవాలంటే ముందు బాయిలో చేసిన అనుభవం లెక్క చూపాలి. ఈ నిచ్చెన మీద కులం లేదని, పైరవీ లేదని మేము అనడం లేదు. కానీ ఒక్క మాట మాత్రం నిజం: అనుభవం లెక్కలో పడే ప్రతి మస్టర్‌కూ జీతం వస్తుంది.

తెరచాప పడవల నిచ్చెన కూడా మస్టర్ల లెక్క మీదే నిలబడింది. ప్రపంచంలో ఎక్కువగా చెల్లుబాటయ్యే వాటిలో బ్రిటన్‌లోని రాయల్ యాచింగ్ అసోసియేషన్ సర్టిఫికెట్లు ముఖ్యమైనవి. మొదటి మెట్టు ‘కాంపిటెంట్ క్రూ’. అయిదు రోజుల్లో తాళ్లు, తెరచాపలు, కాపలా పని నేర్పుతారు. ముందస్తు అనుభవం అక్కర్లేదు. తర్వాతి ‘డే స్కిప్పర్’ ప్రాక్టికల్ కోర్సుకు వచ్చేవాళ్లు అప్పటికే అయిదు రోజులు, 100 మైళ్లు, నాలుగు రాత్రి గంటలు పడవ మీద గడిపి ఉండాలి. ‘కోస్టల్ స్కిప్పర్’కు 15 రోజులు, 300 మైళ్లు. ‘యాచ్‌మాస్టర్ ఆఫ్‌షోర్’ పరీక్షకు 50 రోజులు, 2,500 మైళ్లు కావాలి. అంటే 4,600 కిలోమీటర్లకు పైమాటే. దానికి తోడు రేడియో, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లు. చివరి మెట్టు ‘యాచ్‌మాస్టర్ ఓషన్’. కనీసం 600 మైళ్లు, 96 గంటలు ఎక్కడా ఆగకుండా సముద్రం మీద సాగాలి. సూర్యుణ్ని, నక్షత్రాలను సెక్స్టెంట్‌తో కొలిచి పడవ ఎక్కడుందో లెక్కగట్టిన కాగితాలు పరీక్షకుడి ముందు పెట్టాలి.

ఈ మైళ్లు ఎవరి ఖర్చుతో కూడతాయి? నౌకాదళ అధికారికి డ్యూటీలోనే కూడతాయి. మర్చంట్ నేవీ దారి వేరైనా లెక్క అలాంటిదే. ఏడాది డిప్లొమా తర్వాత డెక్ కేడెట్‌గా 18 నెలలు ఓడ మీద పనిచేసి సెకండ్ మేట్ పరీక్షకు వెళ్తారు, ఆ కాలానికి స్టైపెండ్ ఉంటుంది. బయటి నుంచి యాచ్‌మాస్టర్ కావాలనుకునే మనిషి మాత్రం ప్రతి రోజునూ, ప్రతి మైలునూ కొనుక్కోవాలి, లేదంటే సొంత పడవ ఉన్న స్నేహితులు ఉండాలి. పరీక్ష అందరికీ ఒక్కటే. పరీక్ష గది దాకా వెళ్లే దారి మాత్రం కొనగలిగిన వాళ్లది. ప్రతిభ పేరుతో జరిగే చాలా వడపోతలు ఇలాగే పనిచేస్తాయి.

పిల్లల్లో సత్తా లేదనే వాదన ఇప్పటికే వీగిపోయింది. 2009లో సుహేమ్ షేక్ స్థాపించిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో బస్తీల పిల్లలకు, ప్రభుత్వ బడుల పిల్లలకు చిన్న పడవలు నడపడం నేర్పింది. అక్కడ ఎదిగిన ప్రీతి కొంగర 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో దేశం తరఫున పోటీపడింది. అవే క్రీడల్లో రైతు కూతురు నేహా ఠాకూర్ వెండి పతకం గెలిచింది. ఆమె నేర్చుకున్నది భోపాల్ చెరువులో, సముద్రమే లేని మధ్యప్రదేశ్‌లో. కాబట్టి సముద్రం దూరమన్నది సాకు మాత్రమే. మందమర్రికి దగ్గర్లోనే గోదావరి మీద 20 టీఎంసీల శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం ఉంది. దానికోసం ఊళ్లు వదిలిన కుటుంబాలూ ఉన్నాయి.

అయితే నిచ్చెన తెగేది ఇక్కడే. చెరువులో రేసు పడవ మీద గడిపిన గంటలు యాచ్‌మాస్టర్ లెక్కలోకి రావు. ఆఫ్‌షోర్ పరీక్షకు ఏడు మీటర్లకు తగ్గని పడవ కావాలి, కనీసం సగం మైళ్లు ఆటుపోట్లున్న నీళ్లలో సాగాలి. పతకం తెచ్చిన పిల్ల కూడా సముద్రం దగ్గరికొచ్చేసరికి మళ్లీ మొదటి మస్టర్ దగ్గరే నిలబడుతుంది.

నీళ్లకూ కులానికీ ఉన్న సంబంధం మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ చెరువు నీళ్లు తాగడమే ఒక పోరాటమైంది. 1985లో కారంచేడు గొడవ రాజుకున్నది మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గరే. అట్లని మనవాళ్లు సముద్రం దాటలేదని కాదు. 1860లో మద్రాసు నుంచి నటాల్‌కు కూలీల ఓడలు మొదలయ్యాక వేలమంది తెలుగువాళ్లు, వాళ్లలో ఎందరో దళితులు, సముద్రం దాటి వెళ్లారు. కానీ ఓడ అడుగున కూలీలుగా వెళ్లారు, చుక్కాని పట్టిన చెయ్యి వేరొకరిది.

భూమి, హాస్టల్ మెస్ చార్జీలు, ఉద్యోగాలు తేలకుండానే పడవల గురించి మాట్లాడటమేంటని కొందరు మిత్రులు అడగొచ్చు. ఆ పోరాటాలు ఆగాలని మేము అనడం లేదు. 2014 మే 25న గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది. ఆ ఫొటో ఎందరో పిల్లల్లో ధైర్యం నింపింది. అయితే శిఖరాన్ని ఒక యాత్రతో అందుకోవచ్చు. సముద్రపు సర్టిఫికెట్‌కు అయిదారేళ్ల పాటు ఆగకుండా అండ కావాలి. ఒకసారి సన్మానం చేసి వదిలేస్తే సరిపోదు.

అందుకే మా డిమాండ్లు స్పష్టం. గురుకులాల్లో ఈతను తప్పనిసరి చేయాలి. ఎల్లంపల్లిలో ప్రభుత్వ సెయిలింగ్ కేంద్రం పెట్టి, ముంపు గ్రామాల, బొగ్గుబాయి కుటుంబాల పిల్లలకు మొదటి సీట్లు ఇవ్వాలి. అంబేడ్కర్ విదేశీ విద్యానిధి పీజీ, పీహెచ్‌డీ దగ్గరే ఆగకుండా ఇలాంటి వృత్తి సర్టిఫికెట్లకూ వర్తించాలి. సముద్రం మీద గడిపే రోజులకు స్టైపెండ్ కట్టివ్వాలి. డబ్బు లేదనే మాట చెల్లదు. 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక ప్రగతి నిధి చట్టం ఉంది. గనుల ప్రాంతాల కోసమే జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టు ఉంది, నైపుణ్య శిక్షణ దాని పద్దుల్లోనే ఉంది. మందమర్రి విద్యార్థి సంఘాలు ముందుగా ఆ ట్రస్టు ఖర్చుల వివరాలు సమాచార హక్కు కింద అడగాలి. బొగ్గు పోయిన చోట ఎంత డబ్బు వచ్చిందో, అందులో ఎంత మన పిల్లల చేతికి చేరిందో ఆ లెక్కతోనే తేలుతుంది.