బియ్యం మూట ప్రలోభం ఎప్పుడయింది?

1977 సంవత్సరంలో రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. జనవరి 17న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం రెవరెండ్ స్టానిస్లాస్ కేసులో తీర్పు చెప్పింది. మధ్యప్రదేశ్ 1968లో తెచ్చిన ధర్మ స్వాతంత్ర్య చట్టం చెల్లుతుందని, మత ప్రచార హక్కులో ఎదుటివారి మతం మార్చే హక్కు ఇమిడి లేదని ఆ తీర్పు సారాంశం. కేసు పుట్టింది బలోదా బజార్‌లో. అది నేడు ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. పది నెలలు గడిచాక, నవంబరు 19న, కృష్ణా జిల్లా దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అధికారిక లెక్కలోనే మృతులు దాదాపు 10,000 మంది. తీర్పు రాజ్యాంగ చరిత్రలో భాగమైంది, ఉప్పెన తెలుగువారి జ్ఞాపకంలో మిగిలింది. ఈ రెండింటినీ కలిపి ఆలోచించే తీరిక మాత్రం మన రాజకీయాలకు దొరకలేదు.

దివిసీమ బురదలోకి దిగినవారు ఎవరు? చర్చిల సహాయ సంస్థలు వెళ్లాయి. రాష్ట్రీయ స్వయంసేవక్ సంఘ్ కార్యకర్తలు వెళ్లి కుళ్లిన శవాలకు దహన సంస్కారాలు చేశారు, దీనదయాళ్‌పురం అనే గ్రామాన్ని తిరిగి నిలబెట్టారు. రామకృష్ణ మిషన్ ఇళ్లు కట్టింది. దేవుడే లేడని చాటే విజయవాడ నాస్తిక కేంద్రం కూడా వెళ్లింది. శిలువ మెడలో వేసుకున్నవాడూ, ఖాకీ నిక్కరు తొడిగినవాడూ, ఏ దేవుడినీ ఒప్పుకోనివాడూ ఒకే నేలపై పనిచేశారు. అన్నం పెట్టిన చేతి వెనుక ఉద్దేశం ఏమిటో తేల్చడానికి ఆనాడు పోలీసు ఠాణా అవసరం రాలేదు.

నేడు ఆ అవసరం వచ్చింది. అది ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే భిలాయి వైపు చూడాలి. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన నాటి నుంచి ఈ ఉక్కు పట్టణం దేశంలోని అన్ని భాషలనూ, అన్ని మతాలనూ తనలో కలుపుకుంది. ఆంధ్ర జిల్లాల నుంచి పనికోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ మూడో తరంలో ఉన్నాయి. వైశాలి నగర్ అదే పట్టణంలోని పేట, ఒక అసెంబ్లీ నియోజకవర్గానికి పేరిచ్చిన పేట. దాని జంట నగరం దుర్గ్. 2025 జులై 25న దుర్గ్ రైల్వే స్టేషన్‌లో కేరళకు చెందిన ఇద్దరు కాథలిక్ సన్యాసినులను పోలీసులు అరెస్టు చేశారు. బజరంగ్ దళ్ ఫిర్యాదు, మానవ అక్రమ రవాణా, బలవంతపు మతమార్పిడి ఆరోపణలు. వారి వెంట ఉన్నది నారాయణపూర్ ప్రాంతానికి చెందిన ముగ్గురు యువతులు. తమ ఇష్టంతోనే పంపామని కుటుంబాలు చెప్పాయి. ఆగస్టు 2న బిలాస్‌పూర్‌లోని ఎన్‌ఐఏ కోర్టు బెయిలు ఇచ్చేదాకా సన్యాసినులు జైల్లోనే ఉన్నారు. రాయ్‌పూర్‌లో ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయి ప్రలోభం, అక్రమ రవాణా అన్నారు. తిరువనంతపురంలో అదే పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు రాజీవ్ చంద్రశేఖర్ సన్యాసినుల తప్పేమీ లేదన్నారు. నేరమా కాదా అన్నది క్రైస్తవ ఓట్లు ఎన్ని ఉన్నాయన్న దాన్ని బట్టి మారుతుంటే, దాన్ని చట్టం అనడం కష్టం.

ఈ అరెస్టుకూ వరదకూ సంబంధమేమిటని అడగవచ్చు. సంబంధం ఉంది. రేపు ఏదో ఒక వాగు పొంగి ఇల్లూ తల్లిదండ్రులూ పోయిన బాలికను పక్క ఊరి హాస్టల్‌కు చేర్చాల్సి వస్తే, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని రైలెక్కే ధైర్యం ఏ సన్యాసినికి ఉంటుంది? 2025 ఆగస్టు చివర బస్తర్, దంతెవాడ ప్రాంతాలను వరద ముంచింది. అంటే దుర్గ్ ఘటన జరిగిన నెల రోజులకే. వరదకు ఎప్పుడు రావాలో తెలుసు, ఎవరిని భయపెట్టి ఉంచారో తెలియదు.

వరదలో రెండు దశలున్నాయి. మొదటిది ప్రాణాలు కాపాడే దశ. పడవలు, హెలికాప్టర్లు, కెమెరాలు, మంత్రుల పర్యటనలు అప్పుడు కనిపిస్తాయి. ఆ పని ప్రభుత్వం చేయాలి, చాలాచోట్ల చేస్తోంది కూడా. రెండోది కోలుకునే దశ, నీళ్లు తీశాక మొదలయ్యేది. ఇంట్లో మోకాటి లోతు బురద. తడిసిన పరుపులు. పాడైన గ్యాస్ పొయ్యి, కుట్టు మిషను, ఆటో. నానిపోయిన రేషన్ కార్డు, పిల్లల మార్కుల జాబితా. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాలు మునిగినప్పుడు విజయవాడ ఇదంతా చూసింది. ప్రభుత్వం కింది అంతస్తులో ఉన్న కుటుంబానికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వారికి 10,000 ప్రకటించింది. చిన్న మొత్తమేమీ కాదు. అయినా లెక్కింపులో పేరు రాలేదని కలెక్టరేట్ చుట్టూ తిరిగిన కుటుంబాలు ఎన్నో. జాబితాలో లేని మనిషి ప్రభుత్వ దృష్టిలో మునగని మనిషే.

ఈ రెండో దశలో ఎవరు మిగులుతారు? అదే వీధిలో ఉండేవారే. లోతట్టు బస్తీలో రేకుల కప్పు కింద నడిచే చిన్న ప్రార్థనా మందిరానికి ఈ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. దాని సభ్యులే కూలీలు, పాచి పనులు చేసే స్త్రీలు, ఆటో నడిపేవారు. ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ ఉందో, ఏ అద్దె ఇంటి పేరు జాబితాలో ఎక్కదో వారికి తెలుసు. పేదల సంఘం పేదల మధ్య ఉండటం కుట్ర కాదు, చిరునామా మాత్రమే. ఇదే మాట మసీదుకూ, గురుద్వారా లంగరుకూ, గుడి అన్నదాన సత్రానికీ వర్తిస్తుంది. 2019 ఆగస్టులో కేరళలో కవలప్పార కొండచరియలు విరిగిపడినప్పుడు పోతుకల్లు మసీదు తన ప్రార్థనా మందిరాన్నే శవపరీక్షల కోసం ఇచ్చింది. విజయవాడ వరదలో అక్షయపాత్ర వంటశాల భోజనం వండి పంపింది. దాన్ని ఎవరూ ప్రలోభం అనలేదు. అనకూడదు కూడా.

మరి చర్చి ఇచ్చిన బియ్యం మూట మాత్రం ప్రలోభం ఎందుకవుతుంది? సమాధానం 1968 చట్టంలోనే ఉంది. నగదుగా గానీ వస్తువుగా గానీ ఇచ్చే కానుక, డబ్బు రూపంలో గానీ మరో రూపంలో గానీ చేకూర్చే ప్రయోజనం, ఇదంతా ఆ చట్టం దృష్టిలో ప్రలోభం. 2000లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఛత్తీస్‌గఢ్‌కు ఈ చట్టమే వారసత్వంగా వచ్చింది. మతమార్పిడి ఉద్దేశం ఉంటేనే నేరమని న్యాయవాదులు చెబుతారు. నిజమే. కానీ ఉద్దేశం ఉందో లేదో న్యాయస్థానం తేల్చేది ఏళ్లు గడిచాక. అంతలోపు ఫిర్యాదు, అరెస్టు, జైలు, ఊళ్లో అవమానం అన్నీ పూర్తవుతాయి. శిక్ష ముందు, విచారణ వెనుక.

రెండో ఉచ్చు ఢిల్లీలో ఉంది. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించారు. విదేశీ విరాళం పొందిన సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదన్నారు. పరిపాలనా ఖర్చు పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలు చెల్లుతాయంది. రాజ్యాంగబద్ధమే కావచ్చు, వరద బాధితుడికి మాత్రం చేటు. ఎందుకంటే వరద సాయం నడిచేదే పెద్ద సంస్థ నిధి సమకూర్చి, బస్తీలోని చిన్న సంస్థ పంచిపెట్టే పద్ధతిలో. ఆ దారినే మూసేశారు. దేశ విభజన శరణార్థులను ఆదుకోవడానికి 1947లో పుట్టిన, ప్రొటెస్టెంట్, ఆర్థడాక్స్ చర్చిల ఉమ్మడి సహాయ సంస్థ ‘కాసా’ విదేశీ విరాళాల అనుమతి 2024లో రద్దయింది. అంతకుముందు వరల్డ్ విజన్ ఇండియా అనుమతీ పోయింది. మదర్ థెరిసా సంస్థకు 2021 క్రిస్మస్ నాడు నిరాకరించి, గగ్గోలు రేగాక కొద్ది రోజుల్లో పునరుద్ధరించారు. మరోవైపు పీఎం కేర్స్ నిధికి అదే చట్టం నుంచి మినహాయింపు ఉంది. విదేశీ డబ్బు ప్రమాదకరమైతే అది ఏ ఖాతాలో పడినా ప్రమాదకరమే కావాలి.

ఈ పాపం ఒక్క పార్టీదే అనడం అబద్ధమవుతుంది. విదేశీ విరాళాల చట్టాన్ని 1976లో ఎమర్జెన్సీ చీకట్లో తెచ్చింది కాంగ్రెస్. 2010లో దానికి పదును పెట్టిందీ కాంగ్రెసే. 2022 డిసెంబరులో నారాయణపూర్ జిల్లాలో ఆదివాసీ క్రైస్తవులను ఊళ్ల నుంచి తరిమితే, వరద లేకుండానే వారు నిరాశ్రయులై స్టేడియంలో తలదాచుకున్నారు. అప్పుడు రాయ్‌పూర్‌లో అధికారంలో ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వమే.

అవతలి వాదననూ సూటిగా ఎదుర్కోవాలి. ఆకలితో ఉన్నవాడి చేతిలో అన్నంతోపాటు కరపత్రం పెడితే అది సేవ కాదు, బేరం. అలా చేసేవారు ఉంటే ఖండించాల్సిందే, క్రైస్తవులే ముందుగా ఖండించాలి. దీనికి కొలమానం కొత్తగా వెతకనక్కరలేదు. విపత్తు సహాయానికి రెడ్‌క్రాస్ ఉద్యమం, స్వచ్ఛంద సంస్థలు కలిసి 1994లో ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. సాయాన్ని రాజకీయ లేదా మత దృక్పథాన్ని పెంచడానికి వాడరాదు, బాధితుడి విశ్వాసాన్ని బట్టి సాయం నిర్ణయించరాదు అన్నది అందులోని నియమం. ఇచ్చేవాడికి మతం ఉండకూడదని మాత్రం ఎక్కడా లేదు. 2017లో హార్వే తుపాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడు హిందూ విశ్వాస సంస్థగా తనను తాను చెప్పుకునే సేవా ఇంటర్నేషనల్ అక్కడి వారందరికీ సాయం చేసింది. దాన్ని మతమార్పిడిగా చూసి ఉంటే మనకెంత కోపం వచ్చేదో, దుర్గ్‌లో ఆ కోపంలో సగమైనా రావాలి.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. ప్రకటిత విపత్తు ప్రాంతంలో షరతు లేకుండా ఇచ్చే ఆహారం, బట్టలు, ఇంటి సామాను ప్రలోభం కాదని మతమార్పిడి చట్టాల్లో స్పష్టంగా రాయాలి. విపత్తు సహాయానికి విదేశీ విరాళాల బదిలీ నిషేధం నుంచి గడువుతో కూడిన మినహాయింపు, దానికి బహిరంగ తనిఖీ ఉండాలి. గుడి, మసీదు, చర్చి, సంఘ్ శాఖ అన్నిటికీ ఒకే నియమావళి వర్తించాలి. దాన్ని ఉల్లంఘించినవారెవరైనా శిక్ష ఒక్కటే కావాలి.

వచ్చే వానాకాలం దుర్గ్ పక్కన శివనాథ్ పొంగవచ్చు, విజయవాడలో బుడమేరు పొంగవచ్చు. వైశాలి నగర్ వీధిలో నడుముదాకా నీళ్లొచ్చిన రాత్రి, పక్కనున్న చర్చి హాలు తలుపు తీయాలా వద్దా అని పాస్టరు ముందుగా వకీలును అడగాల్సి వస్తే, ఆ ఆలస్యంలో పోయే ప్రాణం ఎవరి ఖాతాలో రాస్తారు? రాయ్‌పూర్ జవాబు చెప్పాలి, ఢిల్లీ కూడా చెప్పాలి.