లాకు ముందు ఆదివారం పడవల బారు

గోదావరి మీద లాంచీ షికారు అనగానే జనానికి ఆదివారమే గుర్తుకు వస్తున్నది. అందులో కార్తీకమాసపు ఆదివారమైతే ఇక చెప్పనవసరం లేదు. సోమవారం నాడు రేవులో ఊరికే కట్టేసి వుండే లాంచీలు ఆదివారం పొద్దుటికి చాలవు. గండిపోచమ్మ రేవు వద్ద బస్సులు, కార్లు, వంట సామాను, పిల్లాపాపలు అంతా ఒకే గంటలో దిగుతారు. అందరూ పేరంటాలపల్లి దాకా వెళ్లాలి, మధ్యాహ్న భోజనం పడవలోనే కానివ్వాలి, చీకటి పడకముందు రేవు చేరాలి. ఇందులో తప్పేమీ లేదు. ఆరు రోజులు పనిచేసిన మనిషి ఏడో రోజున నది చూడాలనుకోవడం న్యాయమే. కాని అందరికీ ఒకే గంట కావలసి వచ్చినప్పుడు ఆ గంటను ఎవరు పంచిపెట్టాలన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఇప్పుడే జవాబు చెప్పుకోవలసిన అవసరం వచ్చింది. ఒకప్పుడు లాంచీలు రాజమండ్రి నుంచి, పట్టిసీమ నుంచి, పోలవరం నుంచి తిన్నగా పాపికొండలకు ఎదురెక్కేవి. పోలవరం ప్రాజెక్టు కోసం 2021 జూన్‌లో నది ప్రవాహాన్ని స్పిల్‌వే వైపు మళ్లించారు. కాఫర్ డ్యాములు అడ్డువచ్చి పాత దారి మూసుకుపోయింది. అందుకే ప్రయాణికులను బస్సులలో ప్రాజెక్టు పైకి తీసుకువెళ్లి అక్కడ లాంచీ ఎక్కించే పద్ధతి వచ్చింది. అయితే ప్రాజెక్టు నమూనాలో ఎడమ గట్టున పడవలు దాటేందుకు కాలువ, సొరంగం, లాకులు కూడా వున్నవి. కాకినాడ నుంచి పుదుచ్చేరి వరకు కాలువలను, గోదావరి, కృష్ణా నదులలో కొంత భాగాన్ని కలిపి 2008లో నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించారు గనుక పడవల దారి వదలక తప్పదు. ఆ లాకులు నడిచిన నాడు రాజమండ్రి లాంచీ మళ్లీ పాపికొండలకు వెళ్లవచ్చు. ఆ మాట వినడానికి బాగానే వున్నది. ఆదివారం నాడు ఏమవుతుందో మాత్రం ఎవరూ లెక్క వేస్తున్నట్టు లేదు.

డెల్టా వారికి లాకు కొత్త కాదు. లొల్ల లాకులు, చొప్పెల్ల లాకులు అని ఊరి గుర్తులుగానే చెప్పుకుంటారు. ఏజెన్సీ వైపు వారికి ఒక మాటలో చెప్పాలంటే, లాకు అనేది రెండు వైపులా తలుపులున్న పెద్ద తొట్టి. కింది నీటి నుంచి వచ్చిన పడవ తొట్టిలోకి చేరగానే వెనుక తలుపులు మూస్తారు. పై నీటిని తూముల గుండా తొట్టిలోకి వదులుతారు. నీటితోపాటు పడవ పైకి లేస్తుంది. తొట్టి నీరు, పై నీరు సమానమైన తరువాతనే ముందు తలుపులు తెరుచుకుంటాయి. అంతకు ముందు ఎంతమంది తోసినా అవి కదలవు. నీటి బరువే వాటికి గొళ్లెం. ఎమ్మెల్యే గారి పడవైనా, ఎండు కట్టెల పడవైనా నీళ్లు ఎక్కేదాకా తొట్టిలో నిలబడవలసిందే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చూడవచ్చు. లాకులో ఒక వంతుకు నాలుగు లాంచీలు పడతాయని, వంతుకు అరగంట పడుతుందని అనుకుందాం. ఆదివారం ఉదయం 9 గంటలకు ఇరవై లాంచీలు వచ్చి నిలబడ్డాయి. అరగంటకు నాలుగు చొప్పున రెండున్నర గంటల్లో అన్నీ దాటిపోతాయని పైపైన చూసేవారు అంటారు. కాని అలా జరగదు. మొదటి నాలుగు పైకి వెళ్లిన తరువాత తొట్టిలో నీరు పై మట్టానికి వుంటుంది. తరువాతి నాలుగూ కింద వున్నవి. తొట్టిని మళ్లీ ఖాళీ చేయాలి, దానికి మరో అరగంట. దిగే పడవలు వుంటే ఆ అరగంట వాటికి పనికివచ్చేది. ఆదివారం పొద్దున దిగేవారెవరు? అందరూ ఎక్కేవారే. సాయంత్రం అందరూ దిగేవారే. అంటే ప్రతి రెండో వంతు ఉత్త తొట్టి తిరుగుతుంది. అయిదో గుంపు లాకులోకి వచ్చేది ఒంటి గంటకు, బయటపడేది ఒంటిగంటన్నరకు. ఆ తరువాత పాపికొండలకు వెళ్లి, వెలుగుండగా మళ్లీ లాకు దగ్గరకు రావడం కుదిరే పని కాదు. ఒకటి కంటే ఎక్కువ లాకులుంటే ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

అసలు భయం ఆలస్యం గురించి కాదు. ఎండలో నాలుగు గంటలు కూర్చుంటే ఎవరూ చనిపోరు. డబ్బు కట్టి, పిల్లలతో వచ్చి, ముందు లాంచీ కదిలిపోతుంటే వెనుక లాంచీలో జనం ఊరుకోరు. 'మమ్మల్ని కూడా దానిలోనే ఎక్కించండి' అంటారు. బేరం పోతుందని యజమాని సరేనంటాడు. అరవై మంది పట్టే లాంచీ మీద ఎనభై మంది ఎక్కుతారు. ఆలస్యమైన గంటలను నది మీద రాబట్టుకోవడానికి సరంగు ఇంజను పెంచుతాడు. సుడి వున్న చోట కాస్త చుట్టు తిరిగి వెళ్లవలసినవాడు అడ్డంగా కోసుకు పోతాడు. రేవులో మొదలైన రద్దీ నది మధ్యలో ప్రాణం మీదకు వచ్చేది ఇలాగే.

గోదావరి వారికి ఇది ఊహించి చెప్పవలసిన సంగతి కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద లాంచీ మునిగినది ఆదివారం నాడే. నదిలో సుమారు అయిదు లక్షల క్యూసెక్కుల వరద పారుతున్న సమయంలో ఆ లాంచీ కదిలింది. అందులో 77 మంది వున్నారని, 26 మంది బతికారని తేలింది. అలా తేలేటప్పటికి చాలా రోజులు పట్టింది. లాంచీ ఎక్కినవారు ఎందరో మొదటి రోజున ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. మునిగిన లాంచీ అక్టోబరు 22న గాని ఒడ్డుకు రాలేదు. దానికి రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న, కృష్ణలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద పవిత్ర సంగమం చూడబోయినవారి పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అదీ కార్తీకమాసపు ఆదివారమే. రెండుచోట్లా తప్పులు చాలా వున్నవి. ఆదివారం ఒక్కటే కారణమని ఎవరూ అనరు. అయితే ఆదివారపు తొందర లేకుంటే ఆ తప్పులలో కొన్నింటిని రేవులోనే ఎవరైనా ఆపి వుండేవారు.

కచ్చులూరు తరువాత ప్రభుత్వం మేలుకోలేదని అనడం న్యాయం కాదు. రాష్ట్రంలో తొమ్మిది చోట్ల పడవల కంట్రోలు రూములు పెట్టి 2020 జూన్‌లో ప్రారంభించారు. నిలిచిపోయిన విహార యాత్రలు 2021లో మళ్లీ మొదలైనవి. దేశమంతటికీ 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త జలరవాణా పడవల చట్టం వచ్చింది. కాగితం మీద లోటు లేదు. కాని కాగితాన్ని పడవ పక్కన పెట్టి చూసే చోటు ఒకటి వుండాలి. పాతకాలంలో ఆ చోటు లాకు. తెల్లవారి హయాములో 1890లో వచ్చిన కాలువలు, రేవుల చట్టం ప్రకారం పడవకు రిజిస్ట్రీ, లైసెన్సు, సుంకం వుండేవి. పడవ ఎంత తప్పించుకుందామన్నా కాలువలో లాకు దాటక దారి లేదు. తొట్టిలో నిలబడిన పడవ అంచుకూ నీటికీ మధ్య ఎన్ని జానలున్నదో గట్టు మీద లస్కరుకు కూడా కనిపించేది. ధాన్యం బస్తా ఎక్కువైతే చూపుకు దొరికిపోయేది. ఆ లస్కరు ఇంగ్లీషు చదివినవాడు కాకపోవచ్చు, జాన లెక్క మాత్రం బాగా తెలిసినవాడు.

కనుక పోలవరం లాకును అడ్డంకిగా చూడకుండా కాపలాగా వాడుకోవడం మంచిది. అందుకు ముందుగానే కొన్ని నిర్ణయాలు కావాలి. పడవలో ఎన్ని సీట్లున్నవో చూసి కాక, ఆ రోజు లాకు ఎన్ని వంతులు తిరగగలదో చూసి టిక్కెట్లు అమ్మాలి. టిక్కెట్టు మీద లాకు గంట అచ్చువేయాలి. ఆ గంట దాటి వచ్చిన లాంచీ మరునాటికి ఆగాలి. ఇది కఠినమని యజమానులు అంటారు. రైలుకు ఆలస్యంగా వస్తే స్టేషను మాస్టరు ఆపుతున్నాడా?

అంతకంటే తేలిక మార్గం కూడా వున్నది. శని, ఆదివారాలలో విహార లాంచీలను లాకులోకి రానివ్వకపోవడమే మేలు. పై నీటిలో తిరిగేవి పైనే వుండాలి. జనం ఇప్పటిలాగే బస్సులో ప్రాజెక్టు దాటి ఎక్కవచ్చు. మనిషి పది నిమిషాలలో దాటే గట్టును మనిషితోపాటు లాంచీ కూడా దాటవలసిన అవసరమేమిటి? రాజమండ్రి, పట్టిసీమ రేవుల వారికి దీనివల్ల బేరం తగ్గుతుందన్నది నిజం. వారి లాంచీలు శుక్రవారమే లాకు ఎక్కి పైన వుండి, సోమవారం దిగవచ్చు. ఆ రెండు రోజులు ఎక్కేవి కొన్ని, దిగేవి కొన్ని వుంటాయి గనుక తొట్టి ఉత్తగా తిరగదు. రాజమండ్రి నుంచి తిన్నగా నదిలో వెళ్లాలన్న ముచ్చట వున్నవారు వారం మధ్యలో రావాలి. ఆ రోజుల్లో ఛార్జీ తగ్గిస్తే కొందరైనా వస్తారు.

ఇక లాకులో మొదటి వంతు ఎవరిదన్నది కూడా ముందే తేలాలి. కొండల మధ్య ఇంకా మిగిలివున్న గూడేలకు పడవే బస్సు, పడవే అంబులెన్సు. కాన్పు కష్టమైన మనిషిని, జ్వరం పట్టిన పిల్లను, సంతకు వెళ్లే వెదురు బుట్టలను పాటల మైకు పెట్టుకున్న లాంచీ వెనుక నిలబెట్టకూడదు. నదిలో కూడా పెద్ద లాంచీ జోరుగా పోతే లేచే అలకు నాటు పడవ తలకిందులయ్యే ప్రమాదమున్నది. గూడేల రేవుల దగ్గర ఇంజను తగ్గించాలన్న నిబంధన సరంగులందరికీ తెలియాలి. కచ్చులూరులో లాంచీ మునిగినప్పుడు ముందుగా నీళ్లలోకి వెళ్లి మనుషులను పైకి లాగినది ఆ చుట్టుపక్కల గిరిజనులే. వారి పడవను ఆదివారం నాడు రేవు చివరకు తోసివేయడం ఏ విధంగానూ సబబు కాదు.

ఈ నిబంధనలు లాకు తలుపులు తెరిచిన రోజున కాక, అంతకు ముందే తయారు కావాలి. ముసాయిదాను తెలుగులో అచ్చువేసి, రెండు గట్ల మీది పంచాయతీలలోనూ చదివి వినిపించి, సరంగుల మాట, గూడేల పెద్దల మాట తీసుకోవాలి. ఎక్కేటప్పుడు రాసుకున్న పేర్ల జాబితాను సాయంత్రం దిగేటప్పుడు మళ్లీ పిలవాలి. పిలిచిన ప్రతి పేరుకూ పలికే మనిషి వున్న తరువాతనే ఆ లాంచీకి ఆ రోజు చీటీ మూయాలి.