ఆగిన తరువాతే బలం

బాలలూ! జోనల్ ఆటల పోటీలు దగ్గర పడినప్పుడు మీ బడిలో ఏం జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. అంతవరకు మైదానం వైపు చూడని వాళ్ళు కూడా తెల్లవారక ముందే వచ్చి, రొప్పుతూ రోజుతూ పరుగెడతారు. పదిహేను రోజులు ఇదే వరస. పోటీ అయిపోగానే మైదానంలో మళ్ళీ గడ్డి మొలుస్తుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల బడులలో పనిచేశాను. అన్ని చోట్లా ఇదే చూశాను. పెద్దవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? పోలీసు ఉద్యోగాల ప్రకటన వెలువడిన మర్నాటి నుంచి రోడ్లన్నీ పరుగులే. 2022 నియామకాలలో మగవారు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలన్నారు. ఏడాదిగా అలవాటున్న యువకుడికి అది పెద్ద కష్టం కాదు. నెల రోజుల్లో సాధిద్దామనుకున్న వాడికే మోకాళ్ళు పట్టేస్తాయి.

ఈ పద్ధతి తప్పని నా అభిప్రాయం. నేనే ఆ తప్పు చేశాను గనుక గట్టిగా చెబుతున్నాను.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. వ్యాయామ ఉపాధ్యాయుడు లేని ఒక సంవత్సరం పరుగు పిల్లల బాధ్యత నా మీద పడింది. తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు 400 మీటర్లలో అందరినీ దాటిపోయేవాడు. వాడిని రోజూ రెండు పూటలా పరుగెత్తించాను. ఎనిమిదో రోజున "మోకాలి కింద బొక్క నొస్తంది సార్" అన్నాడు. "గింత దానికేనా, ఉరుకు" అన్నాను. పోటీ నాడు సగం దూరంలో కూలబడ్డాడు. తరువాత తీసిన ఎక్స్-రేలో ఎముకకు సన్నని బీట కనిపించింది. వాడు మళ్ళీ మైదానంలోకి రాలేదు. జీవశాస్త్రం చెప్పే పంతులుకు ఎముక సంగతి తెలియక కాదు, పాఠం వేరు పరుగు వేరు అనుకున్నాను.

ఎముక రాయి కాదు, ప్రాణమున్న కణజాలం. పరుగు ఒత్తిడి తగిలినప్పుడు కొన్ని కణాలు పాత పదార్థాన్ని తొలుస్తాయి, మరికొన్ని వచ్చి కొత్తది నింపుతాయి. తొలవడానికి రెండు మూడు వారాలు చాలు. నింపడానికి సుమారు మూడు నెలలు కావాలి. మన పదిహేను రోజుల సాధన సరిగ్గా ఎక్కడ వచ్చి పడుతుందో చూశారా? ఎముక పల్చబడిన వేళకే పోటీ!

కండరాల కథ కూడా ఇటువంటిదే. పరుగులో ఖర్చయిన గ్లైకోజెన్ తిరిగి నిండాలంటే కడుపునిండా అన్నం, దాదాపు ఒక రోజు వ్యవధి కావాలి. కండర తంతువులకు కలిగిన సూక్ష్మమైన గాయాలు విశ్రాంతిలో బాగుపడతాయి. పెరుగుదల హార్మోను ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలో. అందుచేత హైస్కూలు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. రాత్రి పన్నెండు దాకా సెల్‌ఫోను చూసి, నాలుగింటికి లేచి పరుగెత్తేవాడు సాధన చేస్తున్నాననుకుంటాడు. వాడి శరీరం ఒప్పుకోదు.

మన పాత వరంగల్ జిల్లాలోనే, పర్వతగిరి మండలం కల్లెడ గ్రామపు బిడ్డ జీవాంజి దీప్తిని చూడండి. కూలి చేసుకునే తల్లిదండ్రుల కూతురు. మేధో వైకల్యం ఉన్నవారి టి-20 విభాగంలో 400 మీటర్లు పరుగెడుతుంది. ఊళ్ళో కొందరు ఎగతాళి చేసిన పిల్ల. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగును గమనించాడు, తరువాత కోచ్ నాగపురి రమేశ్ శిక్షణ ఇచ్చారు. ఆమె పతకాలను పేపర్లు లెక్కపెట్టాయి, మనం సెకన్లు చూద్దాం. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో 56.69, స్వర్ణం. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 55.07, అప్పటికి ప్రపంచ రికార్డు. అదే సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82, కాంస్యం. 2025లో ఢిల్లీ ప్రపంచ పోటీల్లో 55.16, రజతం. మూడేళ్ళలో నాలుగు పెద్ద పోటీలు, అన్నిటి మధ్య తేడా 1.62 సెకన్లే! పదిహేను రోజుల సాధనతో ఇటువంటి నిలకడ రాదు.

ఇందులో మనసుకు సంబంధించిన పాఠం కూడా ఉంది. కోబేలో నెలకొల్పిన రికార్డును పారిస్ ప్రాథమిక పరుగులోనే టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్ 54.96తో దాటేసింది. ఇక ఢిల్లీలో దీప్తికి రజతం తెచ్చిన 55.16 సెకన్లకే పారిస్‌లో ఉక్రెయిన్ క్రీడాకారిణికి స్వర్ణం వచ్చింది! పక్క వరుసలో ఎవరు ఎంత వేగంగా వస్తారో మన చేతిలో లేదు. అందుకే నేను ఇప్పుడు పిల్లలను "ఎన్నో స్థానం?" అని అడగడం మానేసి "పోయిన నెల ఎంత, ఈ నెల ఎంత?" అని అడుగుతున్నాను. మొదటి వంద మీటర్లు చప్పట్ల కోసం పరుగెత్తిన వాడికి చివరి వందలో కాళ్ళు కొయ్యబారిపోతాయి. కండరాల్లో ఆమ్లత పెరగడమే దానికి ఒక కారణం.

మరి ఏం చేయాలంటారా? జూన్‌లో బడి తెరిచిన వారం నుంచే మొదలుపెట్టండి. ఎక్కువ రోజులు పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తండి. వేగపు పరుగు వారానికి రెండు సార్లు చాలు. ఒక రోజు పూర్తిగా సెలవు. సెలవన్నాను కదా అని ఆ రోజు పొద్దంతా క్రికెట్టు ఆడకండి!

రేపు ఉదయం కళ్ళు తెరవగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర నాడిని 60 సెకన్లు లెక్కపెట్టి నోటుబుక్కులో రాయండి. రెండు వారాలు రాస్తే మీ మామూలు సంఖ్య తెలుస్తుంది. తరువాత ఎప్పుడైనా అది వరుసగా రెండు మూడు రోజులు బాగా ఎక్కువగా కనిపిస్తే, నిద్ర చాలలేదో, జ్వరం రాబోతుందో, సాధన ఎక్కువైందో అయి ఉండవచ్చు. ఆ రోజు పరుగు మాని నోటుబుక్కు మీ పంతులుగారికి చూపించండి. "గింత దానికేనా" అని ఆయన అంటే, ఈ పేజీ కూడా చూపించండి.