సున్నా కోసం పారేస్తున్న రెజిన్

గాజు గోడలు కడిగే వృత్తిలో ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. నీళ్ళలో కరిగిన లవణాల అంకె చూపే టీడీఎస్ మీటరు సున్నా చూపినంతకాలం రెజిన్ బతికి ఉన్నట్టు. ఒకటో రెండో చూపిందా, అయిపోయినట్టే, సిలిండర్ ఖాళీ చేసి కొత్త సంచి విప్పాలి. తొందరగా అయిపోయిందంటే సరుకు నాసిరకం కాబట్టి ఈసారి ఖరీదైన కంపెనీది తేవాలి. సరుకు అమ్మేవాళ్ళు ఈ మాటే చెబుతారు, కొనేవాళ్ళు ఇదే నమ్ముతారు. భవనం మేనేజర్లు కూడా దీన్నే ప్రమాణంగా పెట్టుకున్నారు. దీనివల్ల ఇంకా పనికొచ్చే రెజిన్ చెత్తలోకి పోతోంది. అసలు లోపం ఎక్కడుందో ఎవరూ చూడటం లేదు.

ఈ పని తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. పొడవాటి పోల్ చివర బ్రష్ ఉంటుంది, దాని గుండా నీళ్ళు వస్తాయి. రుద్ది, కడిగి, తుడవకుండా వదిలేస్తారు. నీళ్ళలో కరిగిన లవణాలేవీ లేకపోతే అద్దం ఆరాక మరక మిగలదు. ఎత్తులో చేసే పనుల మీద 2005లో నిబంధనలు వచ్చాక బ్రిటన్‌లో నిచ్చెనల వాడకం తగ్గి ఈ పద్ధతి బాగా పెరిగింది. మన గచ్చిబౌలి, హైటెక్ సిటీ గాజు భవనాల్లో పై అంతస్తులకు తాళ్ళు, గొండోలాలు తప్పవు గాని, కింది అంతస్తులకూ డాబాల మీది సోలార్ ప్యానెళ్ళకూ పోల్ చక్కగా సరిపోతుంది. దానికి కావలసిన నీళ్ళను మన పరిశ్రమల భాషలో డీఎం నీళ్ళంటారు. ఆ నీళ్ళను తయారుచేసేది రెజిన్.

రెజిన్ అంటే చిన్న చిన్న పాలిస్టైరీన్ పూసలు. సిలిండర్‌లో రెండు రకాలు కలిపి నింపుతారు. ఒక రకం కాల్షియం, మెగ్నీషియం, సోడియంలను పట్టుకుని హైడ్రోజన్ అయాన్‌ను వదులుతుంది. రెండో రకం క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్, సిలికాలను పట్టుకుని హైడ్రాక్సిల్‌ను వదులుతుంది. వదిలిన రెండూ కలిస్తే నీరే. పూసల్లో ఉన్న చోట్లన్నీ నిండాక ఇక పట్టుకోవడానికేమీ ఉండదు. కాల్షియం కార్బొనేట్ లెక్కలో చెప్పాలంటే లీటరు మిశ్రమ రెజిన్ సుమారు 25 గ్రాములు పట్టుకుంటుంది. పేరున్న తయారీదార్ల మధ్య ఈ అంకెలో తేడా కొద్దిగానే ఉంటుంది.

ఇక లెక్క వేసుకోండి. 25 లీటర్ల రెజిన్ 625 గ్రాములు పడుతుంది. లోపలికి వచ్చే నీళ్ళ టీడీఎస్ 500 అయితే లీటరుకు అర గ్రాము చొప్పున 1,250 లీటర్లకు సరి. అదే 250 అయితే 2,500 లీటర్లు వస్తాయి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేనప్పుడు 2,000 దాకా ఒప్పుకుంటారు. అంటే ప్రమాణం లోపలి నీళ్ళలోనే నాలుగు రెట్ల తేడాకు చోటుంది. ఈ నెల నల్లా నీళ్ళు, వచ్చే నెల బోరు ట్యాంకరు వాడిన చోట రెజిన్ ఆయుష్షు మూడో వంతుకో నాలుగో వంతుకో పడిపోతే అందులో కంపెనీ తప్పేముంది? ట్యాంకరు నీళ్ళలో మీటరు ముంచి చూడకుండా రెజిన్ బ్రాండు మార్చడం అత్త మీద కోపం దుత్త మీద చూపడమే.

ఇక్కడే సాఫ్ట్‌నర్ సంగతి కూడా తేల్చుకోవాలి. “ముందు సాఫ్ట్‌నర్ పెట్టండి, గట్టి నీళ్ళు మెత్తబడతాయి, డీఎం రెజిన్ ఎక్కువకాలం వస్తుంది” అని చాలామంది సలహా ఇస్తారు. అది తప్పు. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి ఆ స్థానంలో సరిసమానంగా సోడియం పెడుతుంది. లవణం మొత్తం అంతే ఉంటుంది, టీడీఎస్ తగ్గదు. పైగా కాల్షియాన్ని గట్టిగా పట్టుకునే రెజిన్ సోడియాన్ని అంత గట్టిగా పట్టుకోదు, అందుకే సోడియం ముందే జారిపోతుంది. సాఫ్ట్‌నర్‌కు చోటు, నీళ్ళను మెంబ్రేన్ గుండా పంపి లవణాలు తీసే ఆర్వో ముందర, ఆ మెంబ్రేన్ మీద సున్నం పేరుకోకుండా. ఆర్వో లేకుండా నేరుగా డీఎం సిలిండర్ ముందు పెడితే ఉప్పు బస్తాల ఖర్చు తప్ప ఒరిగేదేమీ లేదు.

రెజిన్ ఆయుష్షును నిజంగా పెంచేది ఆర్వో. 500 టీడీఎస్ నీళ్ళను మంచి మెంబ్రేన్ 20కి దించితే అదే 25 లీటర్ల రెజిన్‌కు కాగితం మీద 31,000 లీటర్లు దాటాలి. ఆచరణలో అంత రాదు, ఎందుకు రాదో కింద చెబుతాను. మూడో వంతు వచ్చినా అంతకుముందుకంటే ఎనిమిది రెట్లు.

ఆర్వో అనగానే ఒక అభ్యంతరం వస్తుంది, అది సరైనదే. ఆర్వో నీళ్ళు వృథా చేస్తుంది. ఇంట్లో తాగునీటి ఆర్వోల విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో, టీడీఎస్ 500 లోపున్న చోట్ల వాటిని నిషేధించమని చెప్పింది ఈ బాధతోనే. వేసవి వస్తే ట్యాంకర్ల కోసం ఎదురుచూసే నగరంలో ఈ మాటను తేలిగ్గా కొట్టేయకూడదు. అందుకే నేను అందరినీ ఆర్వో పెట్టమనను. 100, 150 టీడీఎస్ నీళ్ళు దొరికే చోట నేరుగా డీఎం చాలు. బోరు నీళ్ళ మీద బతికే చోట ఆర్వో పెట్టాలి, దాని రిజెక్ట్ నీళ్ళను టాయిలెట్ ఫ్లష్‌కో బేస్‌మెంట్ కడగడానికో మళ్ళించే పైపు కూడా అదే రోజు వేయాలి. ఆ పైపు వేయడానికి ఒప్పుకోని భవనంలో ఆర్వో పెట్టడాన్ని నేను సమర్థించను.

ఇప్పుడు ఆ 31,000 లీటర్లు ఎందుకు రావో చూద్దాం. బోరు నీళ్ళలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. అది వాయువు కాబట్టి మెంబ్రేన్ దాన్ని ఆపలేదు, దాటి వచ్చేస్తుంది. టీడీఎస్ మీటరు కొలిచేది నీటి విద్యుత్ వాహకతను మాత్రమే గనుక ఈ వాయువు దాదాపుగా దాని కంటపడదు. మీటరు 20 చూపిస్తుంటే రెండో రకం పూసల మీద పడుతున్న భారం అంతకు రెట్టింపుపైనే ఉండొచ్చు. ఆర్వో పెట్టినా రెజిన్ అనుకున్నంత కాలం రావడం లేదని వాపోయేవాళ్ళు చూడవలసింది ఇక్కడ. ఆర్వో నీళ్ళను నేరుగా సిలిండర్‌లోకి పంపకుండా షవర్‌లా చిలకరిస్తూ ట్యాంకులోకి వదలండి. గాలి తగిలితే వాయువు చాలావరకు పోతుంది. ట్యాంకు మూతకు సన్నని జాలీ ఉన్న గాలి గొట్టం ఉండాలి. డీఎం సిలిండర్‌ను ట్యాంకు తరవాత, పోల్‌కు వెళ్ళే దారిలో పెట్టండి. ఆర్వో ఆగి మళ్ళీ మొదలయ్యేటప్పుడు మొదటి నిమిషాల్లో వచ్చే నీళ్ళలో లవణం ఎక్కువ, వాటిని డ్రెయిన్‌కు వదిలేయాలి. రోజుకు పదిసార్లు ఆపి నడిపేవాళ్ళు రోజూ పదిసార్లు తమ రెజిన్‌ను తామే తినేస్తున్నారు.

ఇక సున్నా దగ్గరికి వద్దాం, ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

డీఎం నీళ్ళు ట్యాంకులో ఒక రాత్రి నిలవ ఉంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి. ఆ మాత్రానికే మీటరు 1 చూపించవచ్చు. అది చూసి పొద్దున్నే రెజిన్ మార్చేవాళ్ళున్నారు. ఆ ఒకటి గాలి, అద్దం ఆరాక అది ఎగిరిపోతుంది, ఒక్క చుక్క మరక పెట్టదు. సరే, ఆ ఒకటి లవణమే అనుకుందాం. కడిగిన చదరపు మీటరు అద్దం మీద 50 మిల్లీలీటర్ల నీళ్ళు మిగిలి ఆరాయనుకుంటే, 5 టీడీఎస్ నీళ్ళు వదిలేది పావు మిల్లీగ్రాము. 500 టీడీఎస్ నీళ్ళయితే 25 మిల్లీగ్రాములు. ఆ పావు మిల్లీగ్రాము చదరపు మీటరంతా పరుచుకుంటే కంటికి ఆనదు. బ్రిటన్‌లో ఈ పని చేసేవాళ్ళు చాలామంది 10 లోపు నీళ్ళతో నిశ్చింతగా కడుగుతారు. మనం మాత్రం మూడు సున్నాలు కనపడకపోతే పని ఆపేస్తున్నాం.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అందులో బలముంది: “సున్నా దాటిందంటే రెజిన్ చివరికొచ్చినట్టే కదా, ఆ తరవాత అంకె గబగబా పెరుగుతుంది, సిలికా జారుతుంది.” నిజమే. రెండో రకం పూసలు సిలికాను చాలా బలహీనంగా పట్టుకుంటాయి, అందుకే వాటి బలం తగ్గగానే మొదట జారేది అదే. సిలికా కూడా వాహకత మీటరుకు దాదాపు కనపడదు. మన దక్కన్ గ్రానైట్ నేలల్లో బోరు నీళ్ళకు సిలికా కొత్త కాదు, అద్దం మీద పడి ఆరిందంటే వదిలించడం కష్టం. అయితే ఈ వాదన సున్నాను సమర్థించడానికి పనికిరాదు. మీటరు సున్నా చూపుతున్నప్పుడే సిలికా జారడం మొదలుకావచ్చు గనుక, సున్నానే నమ్ముకున్నవాడికి ఆ మరక సంగతి తెలిసేది అద్దం ఆరాకే. దానికి మీటరు కాదు, శుభ్రమైన నల్ల గాజు ముక్క కావాలి. సిలిండర్ నుంచి వచ్చే నీటి చుక్కలు నాలుగు దాని మీద వేసి ఆరనిచ్చి ఏటవాలు వెలుతుర్లో చూడండి. మరక ఉంటే ఉంది, లేకపోతే లేదు. మీటరు చెప్పలేనిది ఆ గాజు ముక్క చెబుతుంది.

ఒకే సిలిండర్ పెట్టుకుంటే ఎటూ నష్టమే. ఔట్‌లెట్ అంకె కదలడం మొదలైనప్పుడు పైభాగం పూసలు నిండిపోయి ఉంటాయి, అడుగు పూసల్లో ఇంకా చోటుంటుంది. నీళ్ళు వేగంగా పోతున్నా, సిలిండర్ పొట్టిగా వెడల్పుగా ఉన్నా, నింపేటప్పుడు గాలి చిక్కుకుని నీళ్ళు ఒకే దారి చేసుకుని పోతున్నా ఆ మిగిలిన చోటు ఇంకా ఎక్కువ. అప్పుడు పారేస్తే ఆ చోటంతా పారేసినట్టే. పారేయకుండా వాడితే మరకల భయం. కాబట్టి రెండు సిలిండర్లు ఒకదాని తరవాత ఒకటి పెట్టండి. మొదటిదాన్ని వీలైనంతవరకు ఖర్చవనివ్వండి, జారిందల్లా రెండోది పట్టుకుంటుంది. మొదటిదాని ఔట్‌లెట్ అంకె ఇన్‌లెట్ అంకెలో సగానికి చేరినప్పుడు దాన్ని తీసి, రెండోదాన్ని మొదటి స్థానంలోకి జరిపి, కొత్తది వెనక పెట్టండి. సగం దాటాక లాగొద్దు, ఎందుకంటే బలమైన అయాన్లు అంతకుముందు పట్టుబడ్డ సిలికాను తోసేస్తాయి, ఆ భారమంతా రెండోదాని మీద పడుతుంది. పరిశ్రమల డీఎం ప్లాంట్లలో ఈ వరస ఎప్పటినుంచో ఉంది. అద్దాల పనిలో అదనపు సిలిండర్ ఖర్చు చూసి వెనకడుగు వేస్తున్నారు, ఆ ఖర్చు ఒక్కసారిది, రెజిన్ ఖర్చు ప్రతి నెలా ఉంటుంది.

రెజిన్ కాపాడుకోవడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. క్లోరిన్ ఉన్న నల్లా నీళ్ళయితే ముందు కార్బన్ ఫిల్టర్ ఉండాలి. పూసలు ఎండిపోకూడదు. హైడ్రాక్సిల్ రూపంలో ఉన్న పూసలు 60 డిగ్రీలు దాటిన వేడిని తట్టుకోలేవు, కాబట్టి మే నెలలో తలుపులు మూసిన వ్యాన్‌లో సంచులు వదిలేయొద్దు. రెజిన్ నుంచి చేపల వాసన వస్తుంటే ఆ పూసలు దెబ్బతింటున్నాయని అర్థం.

మరకల విషయంలో జరుగుతున్న అన్యాయం ఒకటి చెప్పాలి. అద్దం మీద మరక కనపడగానే నింద రెజిన్ మీదికీ, దాని వెంటే పోల్ పట్టుకున్న మనిషి మీదికీ పోతుంది. మరకను కాసేపు చూస్తే చాలు. ఫ్రేము పైఅంచు నుంచి కిందికి చారగా దిగితే అది గాస్కెట్‌లో నిలిచిన మురికి నీరు తరవాత కారడం. ఫ్రేమును ముందుగా కడిగి, కాసేపు ఆగి, అద్దం కడిగితే పోతుంది. దానికి సమయం ఇవ్వాలి. గంటకిన్ని అద్దాలని లెక్కగట్టి పని చేయించుకునే చోట ఆ సమయం ఆ మనిషికి దొరకదు. మరకలు అద్దమంతా చుక్కలుగా సమానంగా పరుచుకుని ఉంటేనే నీళ్ళను అనుమానించాలి.

తీసేసిన రెజిన్ చెత్త అనడం కూడా ఈ నమ్మకంలో భాగమే. హైడ్రోక్లోరిక్ ఆసిడ్, కాస్టిక్ సోడాలతో దాన్ని మళ్ళీ జీవింపజేయవచ్చు, డీఎం ప్లాంట్లున్న పరిశ్రమలు చేసేది అదే. మిశ్రమ రెజిన్‌ను ముందు నీటి ఒత్తిడితో విడదీయాలి, తేలికైన రకం పైకి తేలుతుంది, బరువైనది కింద ఉంటుంది. ఇది షెడ్డులో బకెట్లతో కుర్రాళ్ళ చేత చేయించే పని కాదు, ఆసిడ్ చిందితే కళ్ళు పోతాయి, వాడిన ఆసిడ్‌ను తటస్థం చేయకుండా వదిలితే నేల పోతుంది. ఆ సదుపాయం ఉన్న ప్లాంటుకు పంపి చేయించుకోవాలి. నాలాలో పారబోసేవాళ్ళకు ఒక్క మాట, అవి కరిగిపోయే ఉప్పు కాదు, మూసీలోకి చేరే ప్లాస్టిక్ పూసలు.

భవనాల యాజమాన్యాలు కాంట్రాక్టు కాగితాల్లో “సున్నా టీడీఎస్ నీళ్ళు” అని రాయించడం మానాలి. దాని బదులు పోల్ దగ్గర 10 లోపు ఉండాలనీ, నల్ల గాజు మీద చుక్క మరక మిగలకూడదనీ రాయించాలి. సైట్‌లో ఒక పుస్తకం పెట్టి రోజూ పొద్దున ఇన్‌లెట్, మధ్య, ఔట్‌లెట్ మూడు అంకెలు, ఎన్ని లీటర్లు వాడారో రాయమనాలి. రాసే మనిషికే రెజిన్ ఎప్పుడు మార్చాలో నిర్ణయించే అధికారం ఉండాలి, ఎందుకంటే ఆ మూడు అంకెలను రోజూ చూసేది అతనొక్కడే.