తీగ రాకముందే తీసుకున్న అప్పు

లైను లేని గ్రామంలో సౌరదీపానికి రుణమివ్వడం మంచిదే. అయితే ఆ రుణం తీరకముందే విద్యుత్ స్తంభం వాకిట వెలిస్తే ఏమి చేయవలెను? ఈ ప్రశ్న బంగ్లాదేశ్‌కు అనుభవంలోనే ఎదురైనది.

అక్కడ ప్రభుత్వ ఆర్థిక సంస్థ ఇడ్‌కాల్ 2003లో ఆరంభించిన పథకం కింద 40 లక్షలకు పైగా సౌర విద్యుత్ పరికరాలు గ్రామీణుల ఇళ్లలో అమరినవి. కిరోసిన్‌కు పోయే సొమ్మును కిస్తీలకు మళ్లించిన ఆ ఏర్పాటు ప్రశంసనీయమే. కాని ప్రభుత్వ లైన్లు అనుకున్నదానికంటే త్వరగా విస్తరించడంతో అనేకులు వాయిదాలు నిలిపివేశారు. వసూళ్లు లేక భాగస్వామ్య సంస్థలు చితికిపోయినవి. ఇందుకు రుణగ్రహీతను మాత్రమే నిందించడం న్యాయమని నేననుకోను. వెలుగు మరొక దారిన వచ్చిన తరువాత పాత వెలుగుకు కిస్తీ కట్టుట ఎవరికైనా కష్టమే.

బ్యాటరీ సంగతి వేరు. పలక ఇరవై ఏళ్లు మన్నవచ్చును. డిస్టిల్డ్ వాటర్ పోయక, రోజూ పూర్తిగా ఖాళీ చేస్తే బ్యాటరీ కొద్ది ఏళ్లకే చెడుతుంది. ఆ మాట అమ్మేనాడు చెప్పే డీలర్లు ఎందరు?

కనుక మంజూరుకు ముందే విద్యుత్ సంస్థ లైన్ల ప్రణాళికను బ్యాంకు అడిగి చూడవలెను. డీలరుకు చెల్లించే మొత్తంలో కొంత భాగం మరమ్మతు గడువు ముగిసేవరకు నిలిపి ఉంచవలెను. డీలర్లకు ఇది రుచించదని తెలియును. అయినను ఆ షరతు రుణపత్రంలోనే ఉండవలెను.